కుక్క గోకుడు ఆగకూడదంటే

మా బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టగానే మొదట బోరు వేయిస్తాం, తర్వాత కుక్కను తెచ్చుకుంటాం. బోరులో నీళ్లు పడొచ్చు, పడకపోవచ్చు. కుక్కకు దురద మాత్రం పట్టి తీరుతుంది. పట్టిన దురదను పోనివ్వకుండా నిలబెట్టుకోవడం ఎలాగో మా రాకీ మీద మూడేళ్లు సాధన చేసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, రాసుకోండి.

తిండి దగ్గర మొదలుపెడదాం. కుక్కలకు తిండివల్ల వచ్చే అలర్జీల్లో ఎక్కువగా పట్టుబడేవి గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమ. మొదటిది మీ ఇంట్లో వండరా? దిగులొద్దు, మిగతా మూడూ చాలు. పొద్దున పాలల్లో బిస్కెట్లు, మధ్యాహ్నం పెరుగన్నం, ఆదివారం చికెన్ సెంటర్లో అడిగితే ఊరికే ఇచ్చే మెడలూ కాళ్లూ. ఇలా ఆరు నెలలు పెడితే రాకీ తెల్లటి పాదాల్లో వేళ్ల సందుల వెంట్రుకలు తుప్పురంగుకు తిరిగాయి. రాత్రంతా నాకీ నాకీ ఎంగిలి పట్టిన రంగు అది. చూసినవాళ్లు జాతి కుక్కా అని అడిగారు.

డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక పరీక్ష పెడతాడు. కుక్క ఇంతవరకూ రుచి చూడని ఒకే మాంసం, దానికి తోడు ఒకే దుంపో గింజో, ఎనిమిది వారాలు. మాకు చేప, చిలగడదుంప అన్నాడు. దురద తగ్గితే పాత తిండి మళ్లీ పెట్టి చూసి దొంగెవరో తేల్చుకోవాలట. దీన్ని చెడగొట్టడానికి మీరేం కష్టపడక్కర్లేదు, ఇంట్లో అమ్మ ఉంటే చాలు. పదకొండో రోజున మా అమ్మ, "ఉత్త గడ్డలు ఎట్ల తింటది రా, నోరులేని జీవి! గింతంత పెరుగు పెడితే ఏమైతది?" అంది. ఏమవుతుందంటే, పదకొండు రోజుల లెక్క మళ్లీ ఒకటికి వస్తుంది. అంతే.

ఇక నమలడానికి. బిర్యానీ ఎముకలు పారేయకండి. వండిన ఎముక పెళుసుబారి సూదుల్లా చీలుతుంది, పేగుల్లో గుచ్చుకుంటుంది. అప్పుడిక దురద ఊసు ఎవరెత్తుతారు? పెట్ షాపులో వేలాడే తెల్లటి తోలు ఎముకలూ మంచివే. అవి సాధారణంగా పశువుల తోలుతో చేసినవి గనక, గొడ్డుమాంసం పడని కుక్కకు అదే సరుకు దొడ్డిదారిన చేరుతుంది. యాక్ పాల జున్ను కర్రలు పాలు పడనివాటికి శ్రేష్ఠం. గోటితో నొక్కితే గుంట పడని వస్తువు పన్ను విరగ్గొట్టగలదు కాబట్టి రాయిలాంటివే ఏరండి. క్యారెట్ ముక్క, గోరు దిగే రబ్బరు బొమ్మ జోలికి మాత్రం పోవద్దు. కొన్ని పిడుదుల మాత్రలకు కూడా మాంసం రుచి కలుపుతారు. పరీక్ష నడుస్తుండగా ఆ సంగతి డాక్టర్ని అడక్కండి.

నడుము మీద, తోక మొదట్లో కొరుక్కుంటుంటే ఎక్కువసార్లు తప్పు తిండిది కాదు, ఫ్లీలది. ఆ వెంట్రుకలు విడదీసి చూడకండి. మెకానిక్ షాపు నుంచి వాడేసిన ఇంజన్ ఆయిల్ తెచ్చి పూయండి, మా వీధిలో సగంమంది వైద్యం అదే. కుక్క దాన్ని నాకుతుంది. విషం లోపలికీ పోతుంది, తోలు పైనుంచీ కాలుతుంది.

చవితి వస్తే పక్కనే బాలాపూర్. 1994లో 450 రూపాయలకు వేలం పాడిన అక్కడి వినాయకుడి లడ్డూ ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది. మన గల్లీ మండపం లడ్డూ అంత పలకదనుకోండి, భక్తి మాత్రం అంతే. రాకీకీ ఒక ముక్క పెట్టండి, అందులో కిస్మిస్ ఉంటే ఏరకండి. ద్రాక్షా కిస్మిసూ కుక్క కిడ్నీలను దెబ్బతీయగలవు. మాకు ఆ ముక్క రాకీ నోటిదాకా వెళ్లి, పక్కింటి పిల్ల అరిచిన అరుపుకి కింద పడింది. ఈ ఒక్క చిట్కా నేను పూర్తిగా పాటించలేకపోయాను.

ఇంత చెప్పినా మీ కుక్క గోకుడు ఆగాలనే మొండితనం మీకుంటే, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ మనకేం దూరం కాదు, చాంద్రాయణగుట్ట మీదుగా ఆరాంఘర్ దాటి పోవడమే. వెళ్లేముందు కుక్క నోట్లోకి పోతున్నవన్నీ కాగితం మీద రాసుకోండి. అమ్మ పెట్టేవి కూడా.