ఘాటు తక్కువ తాతగారు

గోదావరి లంక గ్రామాల్లో ఊరికొక తాతగారుంటారు. చుట్ట ఆయనకు అలవాటు కాదు, రిటైరయ్యాక దొరికిన రెండో ఉద్యోగం. డాక్టరు మానెయ్యమన్నాడు. ఈయన ఇంటికొచ్చి, "ఘాటు తగ్గించమన్నాడే" అన్నారు. ఆ రోజునుంచి తేలిక చుట్టలకు మారి, రోజుకు నాలుగు కాల్చేవారు ఎనిమిది కాలుస్తున్నారు.

కొనేది చవక చుట్టే. ఆరా మాత్రం పెళ్లిసంబంధానికి తీసినంత. చుట్టలు చుట్టే ఆవిడ ఎదురుగా పీట వేసుకుని, "అమ్మాయ్, లోపల అడుగాకేనా, పైఆకు కలిపావా?" అని మొదలెడతారు. మొక్కకి కిందాకు ఘాటు తక్కువనీ, పైకి పోయేకొద్దీ ఎక్కువనీ ఆవిడకే పాఠం చెబుతారు. ఆవిడ వినదు. తడిపిన ఆకుకి ఈనె తీసి, లోపలి ఆకు కూర్చి, దాని మీద మరో ఆకు ఏటవాలుగా చుట్టేస్తుంది. బిగువెక్కువైతే పొగ లాగదు, వదులైతే గబగబా కాలి నాలుక చుర్రుమంటుంది. ఆ మధ్య తూకం ఆవిడ వేలికొసలకే తెలుసు. ఇన్ని సలహాల మధ్య కూడా చుట్ట చెడలేదంటే ఆ గొప్ప ముమ్మాటికీ ఆవిడదే.

వెలిగించాక తాతగారు నుసి రాల్చరు. నిలిస్తే తన ఎంపిక గొప్ప, పంచె మీద పడితే గాలి తప్పు. 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్ లంక చుట్ట మాటెత్తాడని ఎవరో చెప్పారట. అప్పట్నుంచి ఆ డిటెక్టివు రేవు దాటొచ్చి తమ అరుగు మీదే కూర్చున్నట్టు మాట్లాడతారు.

మొన్న సంక్రాంతికి అమెరికా మనవడు డొమినికన్ సిగార్ తెచ్చాడు. తాతగారు వెలిగించలేదు. కళ్లజోడు పెట్టుకుని పొరలు పొరలుగా విప్పేశారు.

"తాతయ్యా, అది పన్నెండు డాలర్లు!"

"ఉండరా, పనితనం చూస్తున్నా. బాగానే చుట్టాడు. ఈనె కూడా తీశాడు."

విప్పిన ఆకంతా పొట్లం కట్టి చుట్టలు చుట్టే ఆవిడ దగ్గరకు పట్టుకెళ్లి, పైన లంకాకు వేయించి మళ్లీ చుట్టించారు. రెండు దమ్ములు లాగి, "ఇప్పుడు కాస్త చుట్టలా ఉంది" అన్నారు.

మీరెప్పుడైనా ఆయన అరుగెక్కితే జేబులో అగ్గిపెట్టె ఉంచుకోండి. ఆకు గురించి ఇంత తెలిసిన మనిషి దగ్గర అగ్గిపుల్ల ఎవరూ చూడలేదు. కొత్త పెట్టె మాత్రం వద్దు. రెండు పుల్లలున్నది చాలు, ఎలాగూ తిరిగి రాదు.