ఈర్పెన చెప్పిన కథ

నేను ఈర్పెనను. రెండు వైపులా సన్నటి పళ్లు, మధ్యలో పట్టుకోవడానికి చిన్న బద్ద, అంతే నా ఒళ్లు. దువ్వెన జుట్టును చక్కబెడుతుంది, నేను జుట్టులో దాక్కున్న వాళ్లను బయటికి ఈడుస్తాను. అందుకే దువ్వెనకు అద్దం పక్కన చోటు, నాకు గూట్లో కొబ్బరినూనె సీసా వెనకాల. నా పనికి పేరు లేదు కానీ, అది లేకుండా ఏ ఇల్లూ గడవదు.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో గోనెపట్ట మీద పరిచిన సరుకులో ఉండేదాన్ని. అటు గాజుల అంగళ్లు, ఇటు బొరుగుల బస్తాలు. నన్ను ఏరి కొన్న అవ్వ ఒక నేత ఇంటిది. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు మాది, ఇక్కడ మగ్గం చప్పుడు వినని చెవి ఉండదు. అవ్వ ఇంట్లో ఇప్పటికీ గుంతమగ్గం ఒకటి ఆడుతోంది. బడికి పోయే మనవరాలి తల నా తొలి కొలువు. తల్లోని పేలు నన్ను చూస్తే హడలేవి.

వానాకాలంలో ఆ మగ్గం గుంతలోనే పిల్లి ఈనింది. ఒకటే పిల్ల, బూడిదరంగుది. కాళ్లాడించే చోటికి పక్కనే చీకటి, చల్లదనం, పాత గుడ్డలు, రాలిన నూలు దూది. తల్లిపిల్లికి అంతకంటే మంచి పురుటిల్లు ఏముంటుంది? కొన్ని వారాలకు ఆ కూన బయటికి వచ్చి కండెలతో ఆడడం మొదలుపెట్టింది. కానీ ఆట మధ్యలో ఆగి ఆగి మెడ గోక్కునేది, తోక మొదలు కొరుక్కునేది.

"పేలు పట్టినాయి దీనికి" అంది అవ్వ, దాని పొట్ట మీది వెంట్రుకలు విడదీసి చూస్తూ. లోపల మిరియప్పొడి చల్లినట్టు నల్లటి నలుసులు. ఇంతలో గోధుమరంగు చుక్క ఒకటి టప్పున ఎగిరి అవ్వ మోచేతి మీద వాలింది.

ఆ రోజే మనవరాలి మేనమామ ఆదోని నుంచి వచ్చాడు. ఆయనకు పత్తిచేను ఉంది, సరుకు ఆదోని మార్కెట్ యార్డుకే వేస్తాడు. సంగతి విని, "దీనికింత ఆలోచన ఎందుకత్తా? పచ్చదోమకు కొట్టిన మందు డబ్బాలో కొంచెం మిగిలి ఉండాది. తడిగుడ్డతో రుద్దితే ఒక్కటి మిగల్దు" అన్నాడు. ఆయన మాట పూర్తిగా తప్పూ కాదు. పత్తి మీద దోమకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్, అదే పేరుతో, పిల్లి మెడ వెనక వేసే చుక్కల మందులోనూ ఉంటుంది. ఫిప్రోనిల్ కూడా అంతే. చేనుకూ పనికొస్తుంది, పిల్లికీ పనికొస్తుంది.

గూట్లో నా పళ్లు జిల్లుమన్నాయి.

అవ్వ మాత్రం తొందరపడలేదు. "పసిదానికి పూసేముందు అడుగుదాం నాయనా" అని పిల్లిపిల్లను గంపలో పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది, నన్ను కొంగున కట్టుకుని. డాక్టరు చెప్పింది నేనూ విన్నాను. పేరు ఒకటే అయినా చేనుమందు వేరు, పిల్లిమందు వేరు. మోతాదు వేరు, మందును కరిగించే ద్రావకాలు వేరు. పిల్లి ఒళ్లు నాకుతుంది కాబట్టి పూసిందంతా కడుపులోకే పోతుంది. పైగా పత్తికి కొట్టే సైపర్‌మెత్రిన్, కుక్కల మందుల్లో ఉండే పెర్మెత్రిన్ లాంటివి పిల్లికి విషమే. మనిషి కాలేయం, కుక్క కాలేయం విరగ్గొట్టగలిగిన ఈ పదార్థాలను పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. చొంగ, వణుకు, ఫిట్సు, ఆపైన ప్రాణం. కలరా ఉండలు, కిరసనాయిలు, నీలగిరి తైలం కూడా దాని దరికి తేకూడదు. పొరపాటున ఎవరైనా మందు పూసి ఉంటే గోరువెచ్చటి నీళ్లతో, గిన్నెలు తోమే సబ్బుతో కడిగేసి ఆ నిమిషమే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

"మరి ఏం చేయాల సార్?" అంది అవ్వ.

డాక్టరు ఆమె కొంగున ఉన్న నన్ను చూసి నవ్వాడు. "మందు చేతిలోనే ఉంది గదమ్మా."

అప్పుడే నా శత్రువు ఎవరో తెలిసింది. తలపేను కాదు, దాన్ని ఫ్లీ అంటారట. పేను పాకుతుంది, ఇది ఎగురుతుంది. రెక్కల్లేవు, కానీ ఒంటి పొడవుకు యాభై రెట్లకు పైగా ఎత్తు దూకుతుంది. పక్కల నుంచి నొక్కినట్టు పలచటి ఒళ్లు, వెంట్రుకల మధ్య ఇట్టే జారిపోతుంది. ఇంకో సంగతి విని నాకే ఆశ్చర్యం వేసింది. దాని బుగ్గల మీద, మెడ మీద వెనక్కి వంగిన ముళ్ల వరస ఉంటుంది, అచ్చం నా పళ్లలాగే. లాగితే ఆ ముళ్లు వెంట్రుకలను పట్టుకుంటాయి. దువ్వెనతో దువ్వెన పోరన్నమాట.

దీని దాయాది ఎలుక ఫ్లీ ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేయించింది. 1896లో ముంబైలో బయటపడిన ప్లేగు దక్కను అంతా పాకి అప్పటి బళ్లారి జిల్లాను కూడా వదల్లేదు. ఆదోని తాలూకా 1953 దాకా ఆ జిల్లాలోదే. ప్లేగును మోసేది ఫ్లీ అని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు కనిపెట్టాడు. పిల్లి మీదిది అంత ప్రమాదకారి కాదు కానీ, ఈ పసికూనకు అదే యముడు. గుప్పెడు ఒంట్లో రక్తమెంత? చిగుళ్లు తెల్లబడితే ఆగకుండా ఆసుపత్రికి తేవాలన్నాడు డాక్టరు.

ఇంటికి రాగానే పని మొదలైంది. అవ్వ ముందు నన్ను మరిగే నీళ్లలో ముంచి తీసి, ఇక మనుషుల తలకు వాడేది లేదని తీర్పు చెప్పింది. ఒక గిన్నెలో సబ్బునీళ్లు పక్కన పెట్టుకుంది. చంటిబిడ్డకు పోసేంత గోరువెచ్చటి నీళ్లతో తడిపి, మొదట మెడ చుట్టూ నురగ కట్టింది. లేకపోతే నీళ్లు తగలగానే ఫ్లీలన్నీ మొహం మీదికి, చెవుల్లోకి పరుగు తీస్తాయి. తల తడపలేదు, మొహాన్ని తడిగుడ్డతో తుడిచింది. తర్వాత నేను దిగాను. మెడ, చంకలు, పొట్ట, తోక మొదలు, వెంట్రుక వాలు వెంబడే, నెమ్మదిగా. చిక్కిన ప్రతి ఫ్లీనీ సబ్బునీళ్లలో ముంచేది. ఉత్త నీళ్ల మీద అది తేలి మళ్లీ దూకుతుంది, సబ్బు కలిస్తే మునుగుతుంది. నల్లటి నలుసులు కొన్ని తడిపిన తెల్లదూది మీద రాలిస్తే చుట్టూ ఎర్రగా పాకింది. అదంతా కూన రక్తమే, ఫ్లీ తాగి విసర్జించింది. మనవరాలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెంటనే అవ్వ కూనను పాత పంచెలో చుట్టి బాగా తుడిచి, తడి ఆరేదాకా ఒళ్లో పెట్టుకుంది. చలి పట్టినా పసికూన బతకదు.

ఒకసారితో తీరే పని కాదిది. ఆ తర్వాత రోజూ పొడి ఒంటి మీదే దువ్వుతూ వచ్చారు. తల్లిపిల్లికి డాక్టరు పిల్లుల మందే చుక్కలు వేశాడు, పాలిచ్చే తల్లికి పనికొచ్చేది చూసి. ఫ్లీని నాకి మింగితే కడుపులో నట్టలు చేరతాయని నట్టల మందు సంగతి కూడా చెప్పాడు.

అసలు యుద్ధం మాత్రం మగ్గం గుంతలో జరిగింది. ఆడ ఫ్లీ రోజుకు 40, 50 దాకా గుడ్లు పెడుతుంది. అవి ఒంటి మీద నిలవవు, పడుకున్న చోట రాలతాయి. కంటికి కనిపించేవి వందలో ఐదే, మిగతావి గుడ్లుగా, పురుగులుగా, గూళ్లుగా నేల సందుల్లోనే. గుంతలో దూది, దుమ్ము, చీకటి, తేమ ఉంటే వాటికి పండగే. మామ తప్పు దిద్దుకున్నట్టు తానే గుంతలోకి దిగి మూలమూలా ఊడ్చి ఆ చెత్త తగలబెట్టాడు. గుడ్డలను సలసల కాగే నీళ్లలో ఉడికించి ఎర్రటి ఎండలో వేశారు. పొడి గాలికి ఆ పురుగులు ఎండిపోతాయి, మా పడమటి సీమ ఎండ ఆ మేలు చేస్తుంది. గూళ్లలో దాక్కున్నవి నెలల తరబడి కాచుకుని, అడుగుల అదురుకు బయటికి వస్తాయి కాబట్టి ఊడ్చడం మానలేదు.

పిల్లిపిల్లకు ఇప్పుడు గులాబీరంగు చిగుళ్లు, నున్నటి ఒళ్లు. చేనుమందు డబ్బాను మామ మళ్లీ ఇంటికి తేలేదు.

నా మాటగా ఒకటి చెప్పుకుంటాను. మీ ఇంట పిల్లిపిల్ల గోక్కుంటుంటే మందు డబ్బా వైపు చెయ్యి చాపకండి. ఎనిమిది వారాలు నిండని దానికి ఈర్పెన, సబ్బునీళ్లు, పొడి గుడ్డ చాలు. ఆ వయసు దాటాక మందు వేయాలంటే పిల్లులకని రాసి ఉన్నదే, దాని వయసూ బరువూ చూసి, డాక్టరు చెప్పినంతే వేయండి. కుక్కమందు, చేనుమందు చుక్కయినా వద్దు. పిల్లిని దువ్వినంత శ్రద్ధగా అది పడుకునే చోటునూ ఊడ్వండి. ఈ పనికి నేను ఖరీదైన దాన్నేమీ కాదు, ఏ జాతరలోనైనా దొరుకుతాను.