రాత్రి షిఫ్టు మగాళ్లకే!

చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో సెకండ్ షిఫ్టు దిగినవాళ్లు మే నెలాఖరులో ఇంటికెళ్లి టీవీ పెడితే రాత్రి 11.45కి పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ రాత్రి ఆట మొదలవుతుంది. ఆడేది మాత్రం దాదాపు మగవాళ్లే. ఈ రాత్రి ఆటలు 2021లో పెట్టారు. 2025 దాకా ఆడవాళ్లకు దక్కినవి నాలుగంటే నాలుగు. 2024లో సున్నా, 2025లోనూ సున్నా. టోర్నీ డైరెక్టరమ్మ అమెలీ మొరెస్మో స్వయానా వింబుల్డన్ గెలిచిన మనిషి!

ఎందుకయ్యా అంటే, ఆడవాళ్లది మూడు సెట్ల ఆట, తొందరగా తెమిలిపోతే టికెట్ కొన్నవాడికి గిట్టదట. ఈ లెక్కన మన ఎస్టేట్‌లో గంట ముందే పీసులు కుట్టి లేచే అమ్మాయికి జీతం కోసి, పొద్దుపోయేదాకా నాన్చే అబ్బాయికి ఓటీ ఇవ్వాలి. (ఇస్తున్నారు కూడా, అది వేరే సంగతి.)

మనమేం తక్కువ తిన్నామా? మగవాళ్ల చెన్నై ఓపెన్ 2017 తర్వాత పుణెకు తరలిపోతే తెగ బాధపడ్డాం. 2022లో ఆ ఓపెన్ జరిగిన నుంగంబాక్కం స్టేడియానికే ఆడవాళ్ల డబ్ల్యూటీఏ టోర్నీ వచ్చింది, చెక్ పిల్ల లిండా ఫ్రువిర్తోవా పదిహేడేళ్లకే కప్పు కొట్టుకుపోయింది. "అవునా, ఎప్పుడు?" అనేవాళ్లే ఎక్కువ.

పోనీ మనమ్మాయి? 2025 ఏప్రిల్‌లో ఆడవాళ్ల బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీల్లో, పుణెలోనే, హైదరాబాద్ భమిడిపాటి శ్రీవల్లి ఆడిన అయిదు సింగిల్సూ గెలిచింది. ఒక్కటైనా చూసినవాళ్లు చేతులెత్తండి. ఐపీఎల్ ప్రకటనల మధ్యలో చూశామన్నా ఒప్పుకుంటాం.