ఎనిమిదో అక్షరం

గూడూరు నిమ్మకాయల మండీలో నేను తొలిసారి చూసినప్పుడు ఆయన పాత సర్వరు మీద అరచెయ్యి ఆనించి, పిలకాయలకి జొరం చూసినట్టు చూస్తున్నాడు. "కాలతా ఉండాది. ఫ్యాను ఇటు తిప్పండ్రా" అన్నాడు. ఫ్యాను తిరిగింది. అప్పటిదాకా దాని కింద చల్లగా కూర్చున్న ఓనరు కండువాతో విసురుకోవడం మొదలుపెట్టాడు.

పేరు అనవసరం. ఆ వీధిలో ఆయన ఫాక్స్‌ప్రో సారు. రైసుమిల్లు, చీటీల కంపెనీ, లారీ ఆఫీసు, ఏ ఊళ్ళో వెతికినా ఇట్టాంటి సారు ఒకరు దొరుకుతారు. తొంభైల్లో కంప్యూటర్ సెంటర్లో డాస్, లోటస్, ఫాక్స్‌ప్రో వరసగా నేర్చి, జతగాళ్ళంతా గూడూరు జంక్షన్లో మద్రాసు రైలెక్కి అట్నుంచటే అమెరికా పోతే, వాళ్ళ పెట్టెలు ఎక్కించి మండీకి తిరిగొచ్చిన మనిషి. ఆ వారమే రాయడం మొదలుపెట్టిన ప్రోగ్రాం ఈ రోజుకీ రైతులకి అమ్మకం పట్టీలు కొడుతోంది. ఫాక్స్‌ప్రో 2.6, డాస్‌ది. మైక్రోసాఫ్టు వాళ్ళు 1992లో ఫాక్స్ కంపెనీని కొన్నారు, 2007లో ఇక కొత్త వెర్షన్ రాదన్నారు, 2015 జనవరిలో ఉన్న ఆఖరి వెర్షన్‌కి కూడా సపోర్టు ఎత్తేశారు. ఈ సంగతి చెబితే సారు జాలిపడ్డాడు. "పాపం, వాళ్ళకి చేతకాలా" అన్నాడు.

చిన్న ఓనరు ఎంబీయే చదివొచ్చి కొత్త సర్వరు కొన్నాడు. బిగించడానికి నేనెళ్ళాను. అరవై నాలుగు బిట్ల విండోస్‌లో పదహారు బిట్ల డాస్ ప్రోగ్రాములు నడవవని వినయంగానే చెప్పాను. సారు కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కించాడు.

"గిద్దెడు నీళ్ళు బిందెలో పట్టవంటావేంది అబ్బయా?"

నా దగ్గరా జవాబుంది, కానీ అంత బాగా లేదు.

చివరికి ప్రతి కంప్యూటర్లోనూ వీడాస్ పెట్టాం. పాత డాస్ వేషం కట్టే ప్రోగ్రాం అది. డేటా సర్వర్లో ఉంచి దానికి ఎఫ్ డ్రైవని పేరిచ్చాం. నోవెల్ నెట్‌వేర్ రోజుల్లో నెట్‌వర్క్ డ్రైవులు ఎఫ్‌తో మొదలయ్యేవి, అందుకని. "జెడ్ పెడదామా సార్" అని అడిగితే, గడప తీసి కిటికీకి బిగిద్దామన్నట్టు చూశాడు నన్ను.

వేగమంటే ఆయనకి పాత పగ. ఒకప్పుడు ముచ్చటపడి కొత్త పెంటియం కొంటే, ప్రోగ్రాం తెరవగానే సున్నాతో భాగించానని చెప్పి పడిపోయిందట. కోత అనుకున్నాను, కాదు. డాస్ ఫాక్స్‌ప్రో లేస్తూనే మిషను ఎంత చురుగ్గా ఉందో ఒక చిన్న లెక్క వేసి చూసుకుంటుంది. మరీ చురుకైతే పట్టిన సమయం సున్నాగా తేలుతుంది, దాంతో భాగించబోయి బొక్కబోర్లా పడుతుంది. దీనికి ప్యాచ్ తర్వాత వచ్చింది. సారు మాత్రం ఇప్పటికీ తొందరపెట్టే లారీ డ్రైవర్లకి "సున్నాతో భాగించబాకండ్రా" అంటాడు. వాళ్ళు అదేదో బూతు అనుకుంటారు.

తొలి వారం కొత్త సర్వర్లో ఇండెక్సులు రోజూ చెడ్డాయి. ఒక రైతు పేరు కొడితే పక్క ఊరి రైతు బాకీ వచ్చేది. ఇక్కడ తప్పు ప్రోగ్రాంది కాదు. పని తొందరగా కావాలని సర్వరు ప్రతి కంప్యూటర్నీ ఫైలు ముక్కలు కాసేపు తన దగ్గరే దాచుకోనిస్తుంది, ఆప్‌లాక్ అంటారు. ఆ ఏర్పాటు సంగతి ముసలి ప్రోగ్రాం ఎరగదు. అది ఆపేశాక కుదురుకుంది. "నేను ముందే చెప్పలా, తొందరని" అన్నాడు సారు.

కుదురుకున్నా తన సాయంత్రం పూజ మానలేదు. ఏడింటికి లేచి నిలబడి "అందరూ బయటికి రండి!" అని కేకేస్తాడు. ప్రోగ్రాంలోంచి అని అర్థం. కొత్త గుమాస్తా మొదటిరోజు చెప్పులేసుకుని వీధిలోకెళ్ళి నిలబడ్డాడు. ఇక రీఇండెక్స్ అంకెలు వందకి చేరేదాకా అక్కడ ఎవరూ తుమ్మకూడదు.

ఫాక్స్‌ప్రోలో డిలీట్ కొడితే రికార్డు పోదు, పక్కన గుర్తు పడుతుందంతే. ప్యాక్ కొట్టేదాకా లోపలే ఉంటుంది, రికాల్ అంటే లేచొస్తుంది. సారు చుట్టరికాలూ ఇంతే. తోడల్లుడికి గుర్తు పెట్టి పన్నెండేళ్ళయింది. మొన్న మేనకోడలి పెళ్ళిలో, పప్పు వడ్డించే టైముకి, రికాల్ చేశాడు.

అసలు కత జిల్లా దగ్గరుంది. 2022 ఏప్రిల్ 4న గూడూరు నెల్లూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పట్టీ మీద జిల్లా పేరు ఇంగ్లీషులో పడుతుంది. ఆ గడికి సారు ఆనాడు ఇచ్చింది ఏడక్షరాలు. నెల్లూరుకి సరిగ్గా ఏడు. జిల్లా మారుతుందని ఎవరు కలగన్నారు? తిరుపతికి ఎనిమిది కావాలి. దాంతో చివరి ఐ ఊడిపోయి పట్టీలన్నీ "తిరుపత్" అని రావడం మొదలైంది.

"స్వామి ఊరు పేరుకి తోక తెగ్గొడతారా సార్" అని చిన్న ఓనరు గొడవ. గడి పెంచితే పక్కనున్న పిన్‌కోడు జరుగుతుంది, అది జరిగితే ముందే అచ్చేయించిన కాగితంలో గీత మీద పడుతుంది, ఆ కాగితం కట్టలు గోడౌన్లో అటక దాకా ఉన్నాయి. సారు జేబులోంచి నీలం పెన్ను తీశాడు. ప్రతి పట్టీ మీదా, పేరు చివర, ఒక నిలువు గీత. ఉత్త గీత కాదు, పైన చిన్న టోపీ, కింద పీట. ప్రింటరు కిర్రుమంటా పట్టీ వదలడం, సారు చించడం, గీయడం.

ఆమధ్య సర్వరు దుమ్ము దులపడానికి వెళ్ళినప్పుడు అడిగాను. కాగితం కూడా అయిపోవచ్చింది, సాయంత్రం అందరూ బయటికొచ్చాక ఆ గడి నేనే వెడల్పు చేసిపెడతాను, ఎంతసేపు పని అన్నాను. సారు పలకలా. కౌంటరు ముందు సైదాపురం వైపు రైతు ఒకాయన తన పట్టీని ట్యూబులైటుకి ఎత్తి చూసి, వెనక్కి తోశాడు.

"ఇదేంది సార్, దీనిమీద మీ గీత లేదే. డూప్లికేటా?"

సారు గీత గీశాడు. టోపీ పెట్టాడు. పీట వేశాడు. నావైపు చూడకుండానే, "తడి ఆరాల. ఫ్యాను ఇటు తిప్పండ్రా" అన్నాడు.

పెద్ద ఓనరు కండువా అందుకున్నాడు.