నేను నిద్రపోతే దొంగకు కొత్త కవచం

2025 ఏప్రిల్ 22న చెప్పీ చెప్పకుండానే ‘ఒబ్లివియన్ రీమాస్టర్డ్’ ఆట వదిలారు. గడ్డిపోచ గడ్డిపోచా కొత్తగా దిద్దారు, సంతోషం. 2006లో, పాత ‘ఒబ్లివియన్’లో, నా దారికి అడ్డం పడ్డ ఆ దొంగగారు మాత్రం చెక్కు చెదరలేదు. ఈ నాలుగు ముక్కలూ ఆయనకే అంకితం.

ఇరవయ్యో లెవెల్ దాటి, ఒంటినిండా గాజు కవచం తొడుక్కుని, ఇక ఆ ఆట జరిగే సిరోడిల్‌లో మనకు ఎదురేముందని రోడ్డెక్కుతాం. ఎదురొస్తాడు మహానుభావుడు. ఆయన ఒంటి మీదా గాజు కవచమే! అడిగేదెంత? 100 నాణేలు. ప్రాణమో, పైకమో తేల్చుకోమంటాడు.

అయ్యా, తమరి ఛాతీ మీదున్నది ఒక్కటి అమ్ముకుంటే వేల నాణేలొస్తాయే! హాయిగా కాళ్లు చాపుకుని బతకొచ్చు. నా నూటికోసం నడిరోడ్డు మీద ఈ యాతన దేనికి? మొన్నటిదాకా చిరుగుల తోలుచొక్కాతో తిరిగినవాడివే కదా. ఈ కవచం కోసం నాకు ముప్పై గంటలు పట్టింది, నీకెవరిచ్చారు? చెప్పడు. పక్క గుహలోకి వెళ్తే ఆయనగారి తమ్ముళ్లూ అదే వేషం, బడిపిల్లలకు యూనిఫాం పంచినట్టు. ఈ రాజ్యంలో దోపిడీ బతుకుతెరువు కాదు, ఉబలాటం.

దొంగలే కాదు, రాక్షసులూ అంతే. మొదట్లోనే క్వాచ్ అనే ఊరికి వెళ్తే ఒబ్లివియన్ ద్వారం దగ్గర స్క్యాంపులనే బక్కప్రాణులుంటాయి. రాటుదేలాక వెళ్తే డేడ్రాత్‌లనే భీకర రాక్షసులు నోళ్లు తెరుచుకుని కూర్చుంటాయి. కష్టపడినందుకు జరిమానా అన్నమాట.

నా లెవెల్ పెరిగేకొద్దీ శత్రువులూ బలపడే ఈ ఏర్పాటంతా ఎటైనా వెళ్లే స్వేచ్ఛ కోసమట! ఏం స్వేచ్ఛ? ఎటు వెళ్లినా నా కొలతకు కుట్టించిన శత్రువే ఎదురైతే నేను వెళ్లిందెక్కడికి? ఇది బద్ధకం. లోకాన్ని కట్టడమంటే ఇక్కడ పులి, అక్కడ పిల్లి అని ముందే తేల్చి, నేను వచ్చినా రాకపోయినా వాటిని అక్కడే ఉంచడం. ఆ చాకిరీ ఎగ్గొట్టి, నన్నే కొలబద్ద చేసి, దానికి స్వేచ్ఛ అని పేరు పెడితే ఒళ్లు మండదా? 2010లో ‘ఫాలౌట్: న్యూ వెగాస్’ ఆట క్వారీ జంక్షన్ అనే చోట డెత్‌క్లాలనే రాకాసి మృగాలను పెట్టి ఊరుకుంది. దారి మూయలేదు, వెళ్తే చస్తావంతే. నేను ఏడుసార్లు చచ్చి, చుట్టు తిరిగి పోయాను. పెద్ద తుపాకీతో మళ్లీ వచ్చి బాకీ తీర్చుకున్న సాయంత్రం ఇంకా గుర్తుంది. సిరోడిల్‌లో ఏ దొంగమీదా నాకలాంటి బాకీ లేదు.

 

రీమాస్టర్డ్‌లో ఒక మార్పు మాత్రం ఉంది: బలం లాంటి లక్షణాలు పెంచుకోవడానికి లెవెల్‌కి 12 వర్చ్యూ పాయింట్లు చేతిలో పెడుతున్నారు. ఏ నైపుణ్యం ఎన్నిసార్లు పెరిగిందో కాగితం మీద గీతలు గీసుకునే పాత పీడ విరగడైంది, కాదనను. అయితే ఆ పన్నెండూ వాడాలంటే ముందు మంచమెక్కి నిద్రపోవాలి; నిద్రపోతేనే లెవెల్ పెరుగుతుంది, దాంతోపాటే దొంగల కవచాలూ.

విశ్రాంతి తీసుకోమని తెర మీద సందేశం వచ్చి మూడు రోజులైంది. నా మనిషిని పడుకోనివ్వడం లేదు. ఊళ్లో దొంగలందరికీ కొత్త బట్టలు కుట్టించే స్తోమత నాకు లేదు.