ఏటికి ఉచిత వైద్యం

హిందూపురం జనానికి ఒక అదృష్టం ఉంది. పెన్నలో నీళ్లుండవు కనుక పెన్న నీళ్లు చెడిపోయాయన్న చెడ్డ వార్త మన చెవిన పడదు. నంది కొండల్లో పుట్టి, గౌరిబిదనూరు దాటి, మన పొలిమేరలోకి వచ్చేసరికి ఆ నదికి మిగిలేది ఇసుక. అది కూడా రాత్రిపూట ట్రాక్టరెక్కి వెళ్లిపోతుంది. ఇక ఎండాకాలంలో పారేది ఊళ్ల మురుగొక్కటే. దాన్ని నది కలుషితం కావడం అనడానికి వీల్లేదు. కలుషితం కావాలంటే ముందు నీళ్లుండాలి గదా!

పూర్వం పెనుకొండవాళ్లకు ఇంత తెలివి లేదు. 1388లో విజయనగర రాకుమారుడు ప్రతాప బుక్కరాయలు అక్కడ ఉన్నప్పుడు, జనం సుఖంగా ఉండాలని పెన్నను ఊరికి తెమ్మన్నాడు. సింగయ భట్టు అనే జలశాస్త్ర పండితుడు సిరువెర చెరువుదాకా కాలువ తీశాడు. తీసి ఊరుకోలేదు, ఆ సంగతి రాతి మీద చెక్కించారు. కాలువ తవ్వినవాడి పేరు ఆరువందల ఏళ్లు దాటినా మనకు తెలుసు. ఇవాళ కాలువలోకి పైపు వదిలినవాడి పేరు మాత్రం తెల్లారేసరికి ఎవరికీ తెలియదు.

ధర్మవరంలో ఈ పని కనీసం రంగుల్లో జరుగుతుంది. పట్టును సబ్బు, సోడా వేసి ఉడకబెడతారు, రంగు వేస్తారు, జాడిస్తారు. జాడించిన నీళ్లు ఎటు పోవాలి? కాలువలోకి. కాలువ ఎటు పోవాలి? దిగువకు. అద్దకం చేసేవాడి ఆదాయం చూస్తే శుద్ధి యంత్రం కొనమని చెప్పడానికి నోరు రాదు. పదివేలకు చీర కొన్నావిడ కట్టిన డబ్బులో కాలువ వాటా ఎంతో ఎవరూ లెక్కవేయలేదు. ఎరుపో పచ్చో కంటికి కనిపిస్తుంది కనుక దాని మీద గొడవ పడొచ్చు, పేపరుకు ఫొటో పంపొచ్చు. అసలు సరుకుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు.

ఏటికి వైద్యం ఎలా చేయాలో చూడాలంటే హైదరాబాదు దగ్గరున్న పటాన్‌చెరు పోవాలి. అక్కడ మందుల తయారీ సంస్థల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం ఉంది, 2007 నాటికి దాదాపు 90 సంస్థల నీళ్లు దానికి వచ్చేవి. స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని, అంటే శుద్ధి అయిందనిపించుకున్న నీటిని, పరీక్షించి 2007లో ఫలితం ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. మొత్తం లెక్క గడితే రోజుకు 45 కిలోలు. 500 మిల్లీగ్రాముల బిళ్లలుగా కొడితే 90 వేలు. పూటకొకటి చొప్పున రోజుకు రెండు వేసుకుంటే 45 వేల మందికి, అంటే 2011 జనాభా లెక్కల ప్రకారం ధర్మవరం ఊళ్లో మూడోవంతుకు పైగా జనానికి, సరిపోయే మందు. అప్పట్లో 90 లక్షల జనం ఉన్న స్వీడన్ ఐదు రోజులకు వాడేది ఆ నీళ్లలో ఒక్కరోజు పోయింది. చీటీ అక్కర్లేదు, ఫీజు లేదు, కార్డు చూపించే పనిలేదు. ఇసకవాగుకు, నక్కవాగుకు, మంజీరకు ఇంటి ముంగిట వైద్యం! 2009 నాటికి చుట్టుపక్కల పల్లెల బావుల్లోనూ అదే మందు దొరికింది. ఏటికి జబ్బు లేదుగానీ కోర్సు మాత్రం పూర్తి చేశారు.

ఇంత మోతాదుకు నీళ్లలో బాక్టీరియా అంతా చావాలి. బలహీనమైనవి చస్తాయి. మిగిలినవి మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి. నేర్చుకున్నది తమ దగ్గరే దాచుకోకుండా పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా జన్యువుల రూపంలో పంచిపెడతాయి. మన కోచింగ్ సెంటర్లు కూడా ఇంత ఉదారంగా నోట్సు ఇవ్వవు. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది నేరుగా చనిపోయారని లాన్సెట్ పత్రిక లెక్క.

మనకేమిటి, అది తెలంగాణ గొడవ అంటారా? నిజమే. గొల్లపల్లి రిజర్వాయరుకు హంద్రీ-నీవా తెచ్చే కృష్ణ నీళ్లు శ్రీశైలం జలాశయంవి, హైదరాబాదు మురుగు మోసే మూసీ కృష్ణలో కలిసేది ఎంతో దిగువన వాడపల్లి దగ్గర. ఆ లెక్కన మనం బతికిపోయాం. కాకపోతే బాక్టీరియాకు ఈ మ్యాపు చూసే అలవాటు లేదు. పేగుల్లో కూర్చుని రైలెక్కుతుంది, ఆసుపత్రిలో మంచం మారుతుంది, ఐసు పెట్టెలో చేపతో పాటు ప్రయాణం చేస్తుంది.

చేప విషయం చెప్పాలి. మన రాష్ట్రపు రొయ్య యూరప్ పోవాలంటే పరీక్ష రాయాలి. మనదేశపు చెరువు రొయ్యల్లో నిషిద్ధ మందుల అవశేషాలు పదేపదే దొరకడంతో 2016లో యూరప్‌వాళ్లు పదికి ఒక సరుకును పరీక్షించేది మానేసి సగానికి సగం పరీక్షించడం మొదలుపెట్టారు. అక్కడ తప్పిన సరుకు వెనక్కి వస్తుంది. ఇక్కడ ఆదివారం పొద్దున హిందూపురం చేపల బజారులో తక్కెడ ఉంటుంది, కత్తి ఉంటుంది, బేరం ఉంటుంది. ప్రయోగశాల ఉండదు. దొరవారి నాలుకకు ఉన్న రక్షణ మన నాలుకకు ఎందుకు? మనం కారం ఎక్కువ తింటాం, సర్దుకుంటుంది.

ఇక మందుల షాపు. అక్కడి సంభాషణ మీరూ వినే ఉంటారు.

"అన్నా, జరం వచ్చింది. ఏదన్నా బిళ్ల ఇయ్యి."

"మామూలుదా, పవరుదా?"

"పవరుదే ఇయ్యి, రేపు మగ్గంలో దిగాల."

చీటీ ఏదని అన్న అడగడు. అడిగితే పక్క షాపుకు పోతాడని తెలుసు. కొన్ని గట్టి యాంటీబయాటిక్‌లకు కొన్నవాడి పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టరులో ఎక్కించాలన్న నిబంధన 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. అట్ట మీద ఎర్రగీత ధర్మవరం చీర అంచులాగా ముచ్చటగా ఉంటుంది, ఆ గీత దేనికో చదివినవాణ్ని చూడలేదు. రెండు బిళ్లలకు జ్వరం దిగుతుంది, మిగిలినవి అల్మారాలో ఉండి ఏడాది తర్వాత మురుగులోకి పోతాయి. చూశారా, మన కాలువకు కూడా వైద్యం మొదలైంది. కార్పొరేట్ స్థాయి కాదు, గ్రామీణ వైద్యం.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందా అంటే, ఊరుకోలేదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. మందుల ఫ్యాక్టరీ వదిలే నీళ్లలో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో 121 మందులకు హద్దు రాసింది. అలాంటి హద్దులు రాయడంలో ప్రపంచంలో ముందున్నామని మనం రొమ్ము విరుచుకున్నాం. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చాయి. వాటిలో ఆ పట్టిక లేదు. హద్దు ఉంటే దాటినవాణ్ని పట్టుకోవాలి, నోటీసు ఇవ్వాలి, కోర్టుకు తిరగాలి. హద్దే లేకపోతే ఈ దేశంలో దాటినవాడు ఒక్కడూ ఉండడు. ఇంత చవకగా నేరాల సంఖ్య సున్నాకు తెచ్చిన పథకం ఇంకొకటి నాకు కనపడలేదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 తీసి చూడండి, అందులోనూ యాంటీబయాటిక్‌కు గడి లేదు. కాబట్టి రేపు మీ కొళాయి నీళ్లు పరీక్షకు పంపినా మీకు నిశ్చింత కలిగించే రిపోర్టే వస్తుంది.

మూడేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల తయారీలో వచ్చే యాంటీబయాటిక్ కాలుష్యం మీద తన మొదటి మార్గదర్శకాలు విడుదల చేసింది. మనం ముందే రాసి కొట్టేసిన పాఠం వాళ్లు ఆలస్యంగా మొదలుపెట్టారన్నమాట. ఈలోగా మన రాష్ట్రంలో అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్కు వస్తోంది. రాజయ్యపేట మత్స్యకారులు వద్దని రోడ్డెక్కారు. వాళ్లకు అభివృద్ధి అర్థం కాదని అన్నవాళ్లున్నారు. సముద్రంలో వల వేసేవాడికి నీళ్లు అర్థమవుతాయి, అది చాలు.

ఫ్యాక్టరీలు వద్దని నేననను. పటాన్‌చెరులో చేసిన బిళ్ల మింగే మనలో చాలామంది జ్వరం నుంచి లేచాం. మందు సీసాలో ఉండాలి, ఏట్లో కాదు, అంతే సంగతి. దానికి శుద్ధి పరిజ్ఞానం ఉంది, ఖర్చు ఉంది. ఆ ఖర్చు ఇవాళ ఫ్యాక్టరీ లెక్కలో లేదు, ఆసుపత్రి బిల్లులో మన పేరు మీద ఉంది.

పుట్టపర్తి కలెక్టరేట్‌లో సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి బస్సులున్నాయి. పింఛను కోసం, పట్టా కోసం ఎలాగూ పోతుంటాం కనుక ఇంకో కాగితం జేబులో పెట్టుకోండి. అందులో రెండే కోరికలు రాయండి: పెన్న, చిత్రావతి నీళ్లలో, మన చెరువుల్లో యాంటీబయాటిక్‌లు పరీక్షించి ఫలితాలు మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించండి. 2020 ముసాయిదాలో ఉన్న ఆ హద్దులను తిరిగి నిబంధనల్లో చేర్చమని కేంద్రానికి రాయండి. రసీదు తీసుకోవడం మాత్రం మరిచిపోవద్దు.