షాంపూ దండలు

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో మాది చిన్న కిరాణా కొట్టు. బేరమంతా సాయంత్రం ఆరు దాటాకే. తొడిమలు తీసే ఆడవాళ్లు, బస్తాలు మోసే హమాలీలు ఆ రోజు కూలి చేతిలో పడ్డాక వస్తారు. 100 గ్రాముల కందిపప్పు, 20 రూపాయల నూనె, రెండు ఉల్లిపాయలు, ఒక షాంపూ ప్యాకెట్టు. మర్నాడు మళ్లీ అవే.

వీళ్లకు లెక్క తెలియదనుకున్నాను. ఒకేసారి కొనుక్కుంటే కలిసొస్తుంది కదా! వాళ్ల మేలు కోరుతున్నాననే నమ్మాను కూడా. గుమ్మానికి వేలాడే షాంపూ దండలు తీసేసి సీసాలు పేర్చాను. చిల్లర తూకాలు మానేశాను. చెమట పట్టిన పిడికిట్లో పది రూపాయల బిళ్లతో వచ్చిన చిన్నపిల్లకి కూడా పొదుపు గురించి చెప్పాను. అమ్మ ఇచ్చిందే పది, ఆ పిల్ల ఏం చేస్తుంది? నేను చెప్పిందంతా విని, పక్క కొట్టుకు పోయింది. గుడ్డు, అగ్గిపెట్టె కూడా అక్కడే కొనుక్కుంది. చూస్తుండగానే మిగతావాళ్లూ అటే మళ్లారు.

చివరికి పాత ఖాతా ఉన్న ఒకావిడ చెప్పింది: "పెద్ద సీసా ఇంట్లో ఉంటే చెయ్యి జారుద్ది బాబాయ్. ప్యాకెట్టయితే ఆ పూటకంతే." చిన్నది ఎందుకు కొంటున్నావమ్మా అని అప్పటిదాకా నేను ఎవర్నీ అడగనే లేదు.

ఆ రాత్రి లెక్క వేశాను. రూపాయి ప్యాకెట్టులో షాంపూ ఐదారు మిల్లీలీటర్లు. అలాంటివి నూరు కొంటే అర లీటరు. అదే నూరు రూపాయల సీసాలో అందులో సగం కూడా ఉండదు. లెక్క రానిది నాకే. పప్పు, నూనె చిల్లరగా కొంటే కాస్త ఎక్కువే పడుతుంది, నిజమే. కానీ రోజుకూలితో బతికేవాళ్లు నెల సరుకులకు డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఉన్నదంతా నూనె డబ్బాలో పోస్తే, రాత్రి పిల్లాడికి జ్వరమొస్తే మాత్రకు ఏముంటుంది?

షాంపూను చిన్న ప్యాకెట్లలో అమ్మాలన్న ఆలోచన తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్‌ది. ఆయన కొడుకు రంగనాథన్ 1983లో అలాంటి ప్యాకెట్లలోనే చిక్ షాంపూ మొదలుపెట్టాడు. ఎక్కడో ఉన్న వాళ్లకు అర్థమైన సంగతి, రోజూ గల్లాపెట్టె ముందు కూర్చునే నాకు అర్థం కాలేదు.

దండలు మళ్లీ కట్టాను. 50 గ్రాములైనా తూచి పొట్లం కడుతున్నాను. ఎండాకాలం యార్డుకు సెలవులిస్తే కూలి ఉండదు. ఆ రోజుల్లో అరువు ఎంతదాకా ఇవ్వగలనో ఈసారి టోకు వ్యాపారితో ముందే మాట్లాడుకుంటాను.